కుడివైపు దూలం

తుప్పు మీద డాక్టరేట్ చేసిన జగన్మోహన్, ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తుప్పుని చేత్తో ముట్టుకోలేదు. మైక్రోస్కోప్ కింద చూశాడు. ఫొటోలు తీశాడు. దాని నడక మీద పేజీలకు పేజీలు ఈక్వేషన్లు రాశాడు. ఇంట్లో పెరటి గేటు కిర్రుమంటే మాత్రం వసుమతే వెళ్లి బందుకి నూనె పోసి వచ్చేది.

వాళ్ల కాపురం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. వసుమతి పూటపని లైబ్రరీలో చేసి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇంటికొచ్చేసేది. జగన్మోహన్‌ది రంగులు తయారుచేసే కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. చలికాలంలో మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు కుమ్మరిస్తారు. ఆ ఉప్పునీళ్లు చిమ్మి బళ్ల అడుగుభాగం పదేళ్లు తిరక్కుండా చిల్లులు పడుతుంది. దానికి విరుగుడుగా అతను అయిదేళ్లు కూర్చుని ఒక నల్లటి పూత కనిపెట్టాడు. దాని గొప్పతనం ఏమిటంటే, ముందు తుప్పు గోకక్కర్లేదు. తుప్పు మీదే బ్రష్షుతో పూసేస్తే అది లోపల్లోపలే చచ్చి పడి ఉంటుంది. ల్యాబ్‌లో ఉప్పునీటి ఆవిరి పెట్టెలో వెయ్యి గంటలు పెట్టినా పూత పూసిన ఇనప బిళ్లలు చెక్కు చెదరలేదు.

"బిళ్లలు చాలు జాగ్," అన్నాడు అతని బాస్ రీడ్, 1981 వేసవిలో. జగన్మోహన్ అన్న పేరు అతని నోటికి ఎప్పుడూ పూర్తిగా పట్టలేదు. "బిళ్లలెక్కి ఎవరూ ఆఫీస్‌కి వెళ్లరు. నిజం బండి ఒకటి చూపించు."

బండి పక్కింట్లోనే దొరికింది. పక్కింటి కోవల్స్కీ ఓడల యార్డులో పనిచేసి రిటైరైన ముసలాయన. 1953 నాటి పికప్ ట్రక్కు ఒకటి ఆయన గరాజ్ వెనక గడ్డిలో పడి ఉంది. ఇంజను బాగానే ఉంది కానీ అడుగున ఛాసీ అంతా తుప్పు. జగన్మోహన్‌కి కావలసింది సరిగ్గా అదే. వెంటనే కొనేశాడు.

అప్పటికి వసుమతి తండ్రి దత్తాత్రేయ వచ్చి నెల్లాళ్లయింది. భార్య పోయిన రెండేళ్లకి, రిటైరైన ఏడాదికి, కూతురి బలవంతం మీద ఆరు నెలలుండటానికి వచ్చాడు. ఆయన బందరులో, ఆర్టీసీ రాకముందు ప్రైవేటు బస్సుల షెడ్డులోనూ తర్వాత ఆర్టీసీ డిపోలోనూ, ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. హెల్పరుగా చేరి, హెడ్ మెకానిక్కుగా దిగాడు. ఎడిసన్ స్నేహితులకి మాత్రం జగన్మోహన్ "మా మామగారు ట్రాన్స్‌పోర్ట్ ఇంజనీర్" అని పరిచయం చేసేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా దత్తాత్రేయ తన వెనక ఇంకెవరైనా వచ్చి నిలబడ్డారేమోనని తిరిగి చూసేవాడు.

ఆ నెల్లాళ్లూ ఆయనకి గడవడం కష్టమైంది. డ్రైవింగ్ రాదు, నడిచి వెళ్లడానికి చోటు లేదు, టీవీలో మాట అర్థం కాదు. ఇంట్లో ఉన్న తలుపు గొళ్లేలన్నీ బిగించేశాడు. బిగించడానికి ఇంకేం లేక సోఫాలో కూర్చున్న రోజున, ట్రక్కుని గొలుసుకట్టి లాక్కొచ్చి గరాజ్‌లో పెట్టారు. ఆయన చెప్పులైనా వేసుకోకుండా వెళ్లాడు. వంగి అడుగున చూసి, వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ప్రాణం ఉంది అల్లుడుగారూ," అన్నాడు. "వైరు బ్రష్షు, సుత్తి, కాస్త కిరసనాయిలు ఇప్పించండి. పెచ్చులన్నీ రాల్చేసి ఇనుము బయటికి తీస్తాను."

జగన్మోహన్ కంగారుపడ్డాడు. "వద్దు మామయ్యా! గోకితే ఎక్స్‌పెరిమెంట్ పాడైపోతుంది. గోకకుండా పనిచెయ్యడమే దీని స్పెషాలిటీ."

"తుప్పు మీద రంగా?"

"రంగు కాదు, కోటింగ్."

"ఏదైతేనేం, అడుగున తుప్పు అడుగునే ఉంటుందిగా?"

జగన్మోహన్ ఓపిగ్గా వివరించాడు. ఛాసీకి బండి పొడుగునా రెండు ఇనప దూలాలుంటాయి, అటొకటి ఇటొకటి. ఎడమ దూలానికి తన పూత వేస్తాడు. కుడి దూలం కంట్రోల్. అంటే దాన్ని ఎవరూ ఏమీ చెయ్యకూడదు. రెండు చలికాలాలు బండిని ఉప్పు రోడ్ల మీద తిప్పాక, రెండిటినీ పక్కపక్కన పోల్చి చూస్తారు.

"అంటే కుడివైపుది కుళ్లిపోవాలన్నమాట," అన్నాడు దత్తాత్రేయ.

"కుళ్లితేనే కదా తేడా తెలిసేది."

"బండి ఎవరు తోల్తారు?"

"నేనే. రోజూ ఆఫీస్‌కి."

"అమ్మాయి ఎక్కుతుందా?"

"ఎప్పుడైనా ఎక్కుతుంది, ఏం?"

దత్తాత్రేయ వంగి కుడి దూలాన్ని ఇంకోసారి కణుపుతో కొట్టి చూశాడు. పెడన రోడ్డులో ఒకసారి ఒక ప్రైవేటు లారీ ఛాసీ నడిమికి విరిగి రోడ్డు మీద కూలబడితే, దాన్ని తీయడానికి డిపో నుంచి ఆయనే వెళ్లాడు. ఆ లారీ క్యాబిన్‌లో చూసింది ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం జగన్మోహన్, కోవల్స్కీ కలిసి ట్రక్కు వెనక తొట్టి ఊడదీశారు. ఎడమ దూలం మీద నల్లపూత వేయడానికి గంటన్నర పట్టింది. పని అయ్యాక జగన్మోహన్ రబ్బరు తొడుగులు విప్పి చూసుకుంటే చేతులు మల్లెపూలలా ఉన్నాయి. పూత బాగా గట్టిపడాలంటే మూడు వారాలు బండిని కదపకూడదని చెప్పి, సోమవారం ఆఫీస్‌కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వసుమతి ఇంటికొచ్చేసరికి గరాజ్‌లోంచి టకటకమని చప్పుడు. తండ్రి లుంగీ ఎగగట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని, ట్రక్కు కుడివైపు అట్ట పరుచుకుని పడుకుని ఉన్నాడు. సుత్తి దెబ్బకి గోధుమరంగు పెచ్చులు ఆయన గుండెల మీద రాలుతున్నాయి.

"నాన్నా! అది ముట్టుకోవద్దన్నారుగా ఆయన!"

"ఎడమవైపుది ముట్టుకోలేదమ్మా. అది ఆయనది." ఆయన పడుకునే జవాబిచ్చాడు. "నువ్వెక్కే బండిది ఒక పక్కైనా గట్టిగా ఉండాలా, వద్దా?"

వసుమతి కాసేపు నిలబడి చూసింది. చిన్నప్పుడు తండ్రికి క్యారేజీ పట్టుకెళ్లినప్పుడు డిపోలో వచ్చే వాసన ఇక్కడా వస్తోంది. లోపలికెళ్లి పాత చీర కట్టుకుని వచ్చి, శనివారం కోవల్స్కీ వదిలి వెళ్లిన పెట్టెలోంచి రెండో బ్రష్షు తీసుకుంది.

పెచ్చులు రాల్చాక రెండుచోట్ల ఇనుము కాగితమంత పల్చగా తేలింది. దత్తాత్రేయ కంచె దగ్గరికెళ్లి కోవల్స్కీని చెయ్యూపి పిలిచాడు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. దత్తాత్రేయ దూలాన్ని సుత్తితో మంచిచోట ఒకసారి, పల్చటిచోట ఒకసారి కొట్టి చూపించాడు. ఖంగున ఒకటి, డొప్పున ఒకటి. కోవల్స్కీ తల పంకించి, ఇంటికెళ్లి వెల్డింగ్ సామాను తోసుకొచ్చాడు. ఇద్దరూ రెండు రోజులు మాట లేకుండా పనిచేసి ఇనప పలకలు అతికారు. ఆఖరి రోజున కోవల్స్కీ తన యార్డు నాటి పాత డబ్బా ఒకటి తెచ్చాడు. మూత తీస్తే లోపల సింధూరం రంగులో రెడ్‌లెడ్. సీసం కలిసిన ఆ రంగు ఓడల అడుగున పూసేది. బందరు డిపోలోనూ ఒకప్పుడు అదే పూసేవాళ్లు. దాన్ని చూడగానే దత్తాత్రేయ మొహం చుట్టాన్ని చూసినంత వెలిగింది.

కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మూలమూలకీ రెడ్‌లెడ్ రెండు కోట్లు వేశారు. నీళ్లు దిగే కన్నాలన్నీ తీగతో పొడిచి శుభ్రం చేశారు. పని పూర్తయ్యేసరికి కుడి దూలం గుడిమెట్లలా ఎర్రగా మెరుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది తండ్రీకూతుళ్లిద్దరికీ, అది ఎవరూ ముట్టుకోని దూలం అయ్యుండాలని.

"ఇప్పుడెలా నాన్నా?"

"ఎలాగూ పైన ఆయిలు పట్టించాలమ్మా. డిపోలో మనవాళ్లు చేసేది అంతే." దత్తాత్రేయ, కోవల్స్కీ కారులోంచి తీసిన నల్లటి వాడేసిన ఆయిలు దట్టంగా పట్టించాడు. వసుమతి వ్యాక్యూమ్ క్లీనరు సంచీ విప్పి, ఆరు నెలల ఇంటి దుమ్ము దాని మీద చల్లింది. రెండు రోజుల్లో కుడి దూలం పుట్టినప్పటినుంచీ స్నానం ఎరగనట్టు తయారైంది.

జగన్మోహన్ రోజూ సాయంత్రం టార్చిలైటు పట్టుకుని వచ్చి ఎడమ దూలం చూసుకుని మురిసిపోయేవాడు. కుడి దూలాన్ని ఒక్కసారే చూశాడు, అదీ దుమ్ము పట్టాకే. "కంట్రోల్ మరీ అసహ్యంగా ఉంది," అని సంతృప్తిగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

అక్టోబరులో దత్తాత్రేయ బందరు వెళ్లిపోయాడు.

జగన్మోహన్ మాట నిలబెట్టుకున్నాడు. రెండు చలికాలాలు ఆ ట్రక్కులోనే ఆఫీస్‌కి వెళ్లాడు. హీటరు పనిచేయక మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని తోలాడు. తెలుగువాళ్ల ఉగాది ఫంక్షన్‌కి స్కూలు ఆడిటోరియం ముందు దిగితే, డాక్టర్ల కొత్త కార్ల మధ్య ఆ ట్రక్కుని చూసి "ఏం జగన్మోహన్‌గారూ, కూరగాయల వ్యాపారమా?" అని నవ్వేవాళ్లు. "రీసెర్చ్," అనేవాడు గర్వంగా.

రెండో చలికాలం దాటాక కూడా రీడ్ ఇంకొన్నాళ్లు ఆగమన్నాడు. చివరికి 1984 ఏప్రిల్లో కంపెనీ షెడ్డులో ట్రక్కుని లిఫ్ట్ మీద పైకెత్తారు. చూడ్డానికి పెన్సిల్వేనియా నుంచి ఒక స్కూలు బస్సుల కాంట్రాక్టరు వచ్చాడు. ఆయనకి నచ్చితే బస్సులన్నిటికీ ఆ పూతే. కిందనుంచి చూస్తే ఎడమ దూలం నిన్న పూసినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. కుడిది బురద, జిడ్డు, దుమ్ము. రీడ్ చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

కాంట్రాక్టరు మాత్రం జేబులోంచి చిన్న సుత్తి తీశాడు. కుడి దూలాన్ని కొట్టాడు. ఖంగుమంది. ఎడమదాన్ని కొట్టాడు. చప్పుడు రాలేదు. సుత్తి తిరిగి రాలేదు కూడా. నిగనిగలాడే పూతలోంచి లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. ఆయన దాన్ని లాగితే, చెంచాడు ఎర్రటి పొడి జగన్మోహన్ బూట్ల మీద రాలింది.

"ఆ కుడివైపుదానికి మీరేం పూశారు?" అని అడిగాడు కాంట్రాక్టరు. "నాకది కావాలి."

"దానికేం పూయలేదు," అన్నాడు జగన్మోహన్ నీరసంగా.

"అయితే అదే చేయిస్తాను," అని ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

జగన్మోహన్ రెండు వారాలు సరిగ్గా తినలేదు. పూత కింద చిక్కుకున్న తడి బయటికి పోలేక, కంటికి కనబడకుండా ఇనుమంతా తినేసిందని తొందరగానే అర్థమైంది. అర్థం కానిది రెండోది. ఏమీ చెయ్యని దూలం ఎందుకు బాగుంది? వసుమతి ఇంక చూడలేక చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకుంది. ఆ రోజు సాయంత్రం అతను ఆఫీస్‌ నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"దొరికింది వసూ! కుడివైపు మురికి ల్యాబ్‌లో టెస్ట్ చేశాను. అందులో ఏముందో చెప్పు?"

వసుమతి అతని చేతిలోని బ్యాగు అందుకుంది. "ఏముందండీ?"

"లెడ్! సీసం! పెట్రోల్లో కలుపుతారుగా, ఆ పొగలోంచి వచ్చింది. రోడ్డు మీది సీసం, ఇంజన్లోంచి కారిన ఆయిలు, దుమ్ము. మూడూ కలిసి ఒక నేచురల్ కవచం ఏర్పడింది. మనం అసహ్యించుకునే మురికే ఇనుముని కాపాడుతోంది! ఆకలేస్తోంది, ఏం వండావు?"

రెండు వారాల తర్వాత మొదటిసారి అతను రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. వసుమతి వడ్డిస్తూ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. రేపు చెబుదాంలే అనుకుంది.

ఆ రేపు ఏడాదిదాకా రాలేదు. ఈలోగా అతను ఆ మురికి మీద పత్రం రాశాడు. ఏడు ఈక్వేషన్లు, నాలుగు గ్రాఫులు. మురికిలో గుర్తుపట్టలేని దూదిలాంటి పోగులు కనిపిస్తే, వాటిని "రోడ్డు పక్కన వృక్షజాలపు పీచు" అని వర్ణించాడు. అవి వసుమతి హాల్లోని తివాచీవి. పత్రం పేరున్న జర్నల్లో అచ్చయింది. ఆ ఏటి కాన్ఫరెన్స్‌లో దానికి ఉత్తమ పత్రంగా చెక్క జ్ఞాపిక ఇచ్చారు. అయిదేళ్లు కష్టపడి కనిపెట్టిన పూతకి రాని ప్రమోషన్, ఏమీ చెయ్యకపోవడాన్ని వివరించినందుకు వచ్చింది.

థియరీని రుజువు చేయడానికి కంపెనీ పెరట్లో పది పాత ఛాసీ ముక్కలు ఆయిలు, దుమ్ము పట్టించి ఒక చలికాలం వదిలేశారు. పదీ తుప్పు పట్టాయి. జగన్మోహన్ చలించలేదు. పెరట్లో ట్రాఫిక్ లేదు, ట్రాఫిక్ లేందే సీసం రాదు. కాబట్టి ముక్కల్ని టర్న్‌పైక్ అనే పెద్ద రోడ్డు పక్కన వేలాడదీయడానికి పర్మిషన్ ఇప్పించమని హైవే వాళ్లకి అర్జీ పెట్టాడు.

1985 మే నెలలో ఒక ఆదివారం పొద్దున్న, వసుమతి పెసరట్లు పోస్తుంటే జగన్మోహన్ ఒక ఎయిర్‌మెయిల్ కవరు బల్లమీద పెట్టాడు. "రేపు లైబ్రరీకి వెళ్తూ పోస్ట్ చెయ్యి. మామయ్యకి రాశాను."

"నాన్నకా? ఏమని?"

"బందరు డిపోవాళ్లకి చెప్పమని. బస్సుల అడుగుభాగం కడగొద్దు, గోకొద్దు, మురికి అలాగే ఉంచమనండి, అని. ఉప్పు గాలి ఊరు కదా, వాళ్లకి చాలా యూజ్‌ఫుల్. నా పేపర్ కాపీ కూడా పెట్టాను."

వసుమతి అట్లకాడ కింద పెట్టేసింది. పొయ్యి ఆపింది. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుని, మొదటినుంచీ చెప్పింది. సుత్తి, వైరు బ్రష్షు, కోవల్స్కీ వెల్డింగు, సింధూరం రంగు, వ్యాక్యూమ్ సంచీ. ఏదీ దాచలేదు.

జగన్మోహన్ చివరిదాకా విన్నాడు. సొరుగులోంచి ఒక చెంచా తీసుకుని గరాజ్‌లోకి వెళ్లాడు. ట్రక్కు కిందికి దూరి కుడి దూలం మీద మురికిని చెంచాతో గోకాడు. నల్లటి జిడ్డు కింద ఎర్రగా బయటపడింది.

"పెట్రోలు పొగ కాదన్నమాట," అన్నాడు పడుకునే.

"కాదండీ. కోవల్స్కీగారి డబ్బా."

"మరి ఆ పీచు?"

"మన తివాచీ."

అతను బయటికొచ్చాడు. చొక్కా నిండా జిడ్డు. "ఏడాదిపాటు నన్ను పిచ్చివాణ్ని చేశారు మీ తండ్రీకూతుళ్లు. నీకు నవ్వులాటగా ఉందా?"

"చెబుదామనుకున్న రోజే మీరు నవ్వుతూ వచ్చారు. పక్షం రోజుల తర్వాత అన్నం అడిగారు. ఎలా చెప్పను?" అంది వసుమతి. "తర్వాత బహుమతులొచ్చాయి. ఒక్కో బహుమతికీ నా నోరు ఇంకాస్త మూతబడింది."

"ఇవాళ మాత్రం ఎందుకు చెప్పావు?"

"ఆ ఉత్తరం చూసి మా నాన్న ఏమైపోతాడో అని."

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. అయిదో రోజు అతను రీడ్ గదిలోకి వెళ్లి సంగతంతా చెప్పాడు. రీడ్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని జగన్మోహన్‌కి వెనకనుంచి భుజాలు చూస్తేనే తెలిసింది.

"ఎవరికి తెలుసు ఇది?" అన్నాడు రీడ్.

"నా భార్యకి, మామగారికి, పక్కింటాయనకి."

"అయితే వదిలెయ్. ఎవరూ అడగరు."

వదిలెయ్యాలనే అనుకున్నాడు జగన్మోహన్. కానీ ఆ వారమే టెక్సస్ నుంచి ఎవరో ఇంజనీరు ఉత్తరం రాశాడు. పత్రం చదివి, తమ వంతెన అడుగున మురికి కడగడం మానేయించానని, కృతజ్ఞతలని. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఆ మధ్యాహ్నమే టైప్‌రైటరు ముందు కూర్చున్నాడు. "పరీక్షలో ఏ చికిత్సా చెయ్యనిదిగా పేర్కొన్న కుడి దూలాన్ని, రచయితకు తెలియకుండా, శ్రీ దత్తాత్రేయ పూర్తిగా శుభ్రపరిచి, తగిన పూతలు వేసి ఉన్నారు. కావున పత్రంలోని నిర్ధారణలు చెల్లవు." దత్తాత్రేయ పేరు పక్కన ముందు "ట్రాన్స్‌పోర్ట్ ఇంజనీర్" అని కొట్టాడు. కాసేపు చూసి, కాగితం లాగేసి, కొత్తది పెట్టి "రిటైర్డ్ హెడ్ మెకానిక్, ఆర్టీసీ బస్సు డిపో" అని కొట్టాడు. ఒక కాపీ టెక్సస్‌కి, ఇంకోటి జర్నల్‌కి పంపాడు.

జర్నల్‌వాళ్లు దాన్ని పంపుల కంపెనీ ప్రకటన కింద, అయిదు లైన్లలో వేశారు. టెక్సస్ ఆయన మళ్లీ కడిగిస్తానని ఫోన్ చేసి చెప్పాడు. మిగతా లోకంలో దాన్ని చదివినవాళ్లున్నట్టు దాఖలా లేదు. తర్వాత ఏడాదిలో ముగ్గురు పరిశోధకులు ఆ పత్రాన్ని ఆధారంగా చూపించి పత్రాలు రాశారు. ఒకాయన ఈక్వేషన్లని పదకొండుకి పెంచాడు.

వసుమతి రాసిన ఉత్తరానికి బందరు నుంచి దత్తాత్రేయ జవాబు రావడానికి నెల పట్టింది. "చిరంజీవి అల్లుడు జగన్మోహన్‌గారికి ఆశీర్వచనాలు. నా వల్ల మీకు నలుగురిలో చిన్నతనమైందని అమ్మాయి రాసింది. ఖాళీగా కూర్చోలేకా, పిల్ల ఎక్కే బండి అన్న భయంతోనూ చేశాను గానీ మీ చదువుని తక్కువచేసి కాదు. మీ ప్రయోగం సంగతి నాకు తెలియదు. దూలం సంగతి తెలుసు. ఎడమవైపు పని మిగిలిపోయిందని మనసులో ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే వచ్చి చేస్తాను." జగన్మోహన్ ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఆ మధ్యాహ్నమే ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చేశాడు.

వీసా పనులన్నీ తేలి 1986 జూన్లో ఆయన వచ్చేనాటికి నల్లపూత బజార్లోకి వచ్చేసింది. కంపెనీ దాన్ని పారేయలేదు, డబ్బా మీద సూచనలు మాత్రం మార్చింది. ఆ సూచనలు రాసిందీ జగన్మోహనే. దత్తాత్రేయ డబ్బా తిప్పి చూసి, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు. ముందు వదులు పెచ్చులన్నీ సుత్తితో రాల్చండి. వైరు బ్రష్షుతో ఇనుము కనబడేదాకా రుద్దండి. జిడ్డు లేకుండా కడిగి ఆరబెట్టండి. తర్వాత పూయండి.

"ఇంతా చేశాక ఏది పూసినా నిలుస్తుందిగా అల్లుడుగారూ?" అన్నాడు. "మరి ఈ మందెందుకు?"

"డబ్బా కొంటే గాని ఎవరూ గోకరు మామయ్యా," అన్నాడు జగన్మోహన్. అది అబద్ధం కూడా కాదు. డబ్బాలు బాగా అమ్ముడవుతున్నాయి, ఎక్కడా కంప్లైంట్ లేదు. స్కూలు బస్సుల కాంట్రాక్టరు కూడా తీసుకున్నాడు.

ఆ జూన్, జూలై శనాదివారాలు ఇంట్లోవాళ్లు ముగ్గురూ ఎడమ దూలం మీద పనిచేశారు. దాన్ని బతికించడం జగన్మోహన్ అనుకున్నంత తేలిక కాలేదు. మూడడుగుల మేర పూర్తిగా కోసేసి, కోవల్స్కీ చేత కొత్త ఇనుము అతికించాల్సి వచ్చింది. మొదటి రోజు జగన్మోహన్ గంటసేపు గోకి, లేచి నడుం పట్టుకున్నాడు. అరచేతుల్లో బొబ్బలు.

"చాలా మామయ్యా?"

దత్తాత్రేయ వచ్చి వేలితో తడిమి చూశాడు. "ఇది తుప్పు పైన దుమ్ము. తుప్పు ఇంకా మొదలుపెట్టలేదు మీరు," అన్నాడు. అల్లుడి మొహం చూసి జాలిపడి, "బ్రష్షు అలా బలంగా నొక్కకండి. దాని బరువుతో దాన్ని పోనివ్వండి. చెయ్యి కాదు, ఓపిక అరగాలి," అని పక్కన పడుకుని చూపించాడు. పేపర్లో తుప్పు పొరలకి నాలుగు గ్రీకు అక్షరాలు వాడిన జగన్మోహన్, మామగారు పచ్చి తుప్పు, గట్టి తుప్పు, మిడిసిపడే తుప్పు అంటుంటే ఒక్కోదాన్నీ వేలితో ముట్టుకుని చూశాడు. మూడోది తడిగా ఉన్నట్టు కనబడి, ముట్టుకుంటే పొడిగా రాలింది. అదేమిటని అడిగాడు. ఆయనకీ తెలియదు. ఇద్దరూ దాని మీద భోజనాల వేళదాకా వాదించుకున్నారు.

ఆగస్టులో పని పూర్తయింది. ఆ ఏటి బండి ఇన్‌స్పెక్షన్ గడువు కూడా దగ్గరపడింది. న్యూజెర్సీలో ఏటేటా ప్రభుత్వ స్టేషన్‌కి తీసుకెళ్లి బండి చూపించాలి. దత్తాత్రేయ తెల్లచొక్కా వేసుకుని బయల్దేరాడు. ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. వసుమతి డ్రైవ్ చేసింది. స్టేషన్ దగ్గర వరసలో ముప్పావు గంట ఆగారు. ఇంజనీర్లు వంగి అడుగున చూస్తారని, ఏమైనా అడిగితే ఏం చెప్పాలో ఇంగ్లీషులో రెండు వాక్యాలు ఆయన దారంతా వల్లె వేసుకున్నాడు.

కుర్ర ఇన్‌స్పెక్టర్ లైట్లు వేయించాడు. బ్రేకులు తొక్కించాడు. అడుగుకి వంగనైనా లేదు. హారన్ కొట్టమన్నాడు. వసుమతి నొక్కింది. మోగలేదు. మళ్లీ నొక్కింది. అతను అద్దం మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, "ఫెయిల్," అని ముందుకి పొమ్మని చెయ్యూపాడు.

బండిని పక్కకి తీసి ఆపారు. ముందు జగన్మోహన్‌కే నవ్వొచ్చింది. అతన్ని చూసి వసుమతికి. దత్తాత్రేయ మాత్రం నవ్వలేదు.

"అడుగున చూడనే లేదేమిటమ్మా అతను?"

"వాళ్ల లిస్ట్‌లో లేదు నాన్నా."

ఆయన కిందికి దిగి తెల్లచొక్కా చేతులు మడిచాడు. బానెట్ ఎత్తించాడు. హారన్ తీగ ఒకటి బిగింపు ఊడి వేలాడుతోంది. వేలిగోటితో దాని చివర గీరి, మెలిపెట్టి బిగించి, కూతురికి సైగ చేశాడు. హారన్ ఆ ఆవరణంతా అదిరేలా మోగింది. వరసలో ఉన్నవాళ్లు తలలు బయటపెట్టి చూశారు.

"పదండి," అన్నాడు దత్తాత్రేయ, చేతులు తుడుచుకోవడానికి అల్లుడి జేబురుమాలు అందుకుంటూ. వసుమతి బండి వెనక్కి తిప్పి, మళ్లీ వరస చివరికి తీసుకెళ్లి నిలబెట్టింది.